కుచ్చిళ్లు విప్పిన చేయి

"లే," అన్నాడు రోరీ గుమ్మంలోంచే. "లేచి విప్పు దాన్ని."

డూగల్ వంటింటి నేల మీద మోకాళ్లూని ఉన్నాడు. ఆ మాట తనతోనేనా అన్నట్టు మెడ తిప్పి చూశాడు. అతని వెనక నేల మీద చతికిలబడి, అతను నడుముకి చుట్టుకున్న గళ్ల కుచ్చిళ్ల కిల్టు అంచు నేలకి ఎంత ఎత్తున ఆగిందో చూస్తున్న ఇయోనా చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది.

అన్నయ్య రోరీ రేపు సాయంత్రం వస్తానన్నాడు. ఈలోగా కొలత చూడడం అయిపోతుందనీ, ఆ కిల్టుని మళ్లీ అలమారలో దాచేయవచ్చుననీ, శనివారం ఇయోనా పెళ్లిలో, చర్చిలో అందరి ముందూ చూస్తే రోరీ నోరు మూసుకుంటాడనీ అమ్మ లెక్క వేసుకుంది. నెట్టా లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి. ఎదుటివాళ్లు కూడా తన లెక్క ప్రకారమే నడుస్తారనుకుంటుంది.

"నువ్వా బాబూ," అంటూ డూగల్ లేవబోయాడు. అరవై దాటిన మోకాళ్లు మాట వినలేదు. బల్ల అంచు పట్టుకుని, ఒక కాలి తర్వాత ఇంకో కాలు కూడదీసుకుని నిలబడ్డాడు. ఒంటి మీద బనీను, కింద కిల్టు, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. వేరే ఎవరింట్లోనైనా అయితే చూసినవాళ్లు నవ్వుకునేవారు.

"బాబూ గీబూ అనకు. నీ నడుముకున్నది మా నాన్న కిల్టు."

"నేను అడగలేదయ్యా. మీ అమ్మే..."

"మా నాన్న పోయి మూడేళ్లు. పోయిన చలికాలం ఎక్కణ్నుంచో ఊడిపడి ఆయన కుర్చీలో కూర్చున్నావు. ఆయన కప్పులో టీ తాగుతున్నావు. పోనీలే, అదంతా మా అమ్మ ఇష్టం అనుకున్నాను. చివరికి ఆయన ఒంటి మీద గుడ్డకి కూడా దాపురించావా?"

పెరట్లో బట్టలు ఆరేస్తున్న నెట్టా ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. కొడుకుని పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది. రోరీ కూడా కిల్టులోనే ఉన్నాడు. కొండ వాలున రాతిగోడలు కట్టే పని అతనిది. వానైనా ఎండైనా అదే మందపాటి కిల్టు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు, బూట్ల మీదకి జారిపోయిన మేజోళ్లు. కుచ్చిళ్లలో బురద ఎండి పెచ్చులు కట్టింది.

"అరవకు," అంది నెట్టా. "పక్కింటావిడ కిటికీ తెరిచే ఉంది."

"తెరవనీ. ఎల్లుండి ఊరంతా చూడబోయేదే కదా. పక్కింటావిడ రెండ్రోజులు ముందు చూస్తుంది, అంతే."

"ఆ బురద కాళ్లతో నా వంటింట్లోకి రాకు."

"చూశావా ఇయోనా, నా కాళ్ల బురద కనిపించింది అమ్మకి. ఆ పక్కనున్నది కనిపించదు."

"కనిపిస్తోంది," అంది నెట్టా. "ఒక పెద్దమనిషి పెళ్లికి పద్ధతిగా కట్టుకుందామని కొలత చూసుకుంటున్నాడు. నువ్వు కిల్టు కట్టుకుని గొర్రెల దొడ్లో దొర్లుతావు, పబ్బులో పడుకుంటావు, రగ్బీ ఆటకి పోయి బీరు ఒలకబోసుకు వస్తావు. మర్యాద గురించి నువ్వా నాకు చెప్పేది?"

"ఇది నేను సంపాదించి కుట్టించుకున్నది. బురద పూస్తాను, చింపుతాను, నా ఇష్టం. నాన్న అలా చేశాడా? పెళ్లికి, చావుకి, కొత్త సంవత్సరానికి తప్ప దాన్ని పెట్టెలోంచి తీసేవాడు కాదు. నల్ల కోటు, వెండి గుండీలు, మేజోట్లో బాకు, అన్నీ ఉంటేనే కట్టుకునేవాడు. ఇదిగో ఈయన, బనీను మీద కట్టుకుని ఇంటి చెప్పులేసుకుని నుంచున్నాడు!"

డూగల్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పాపం, విడవాలో ఉంచుకోవాలో తేలక బొటనవేలు ఆడించాడు.

"కొలతకి కట్టుకున్నారన్నయ్యా," అంది ఇయోనా. "మోకాళ్ల మీద నిలబడితే అంచు నేలకి తగిలీ తగలకుండా ఉండాలి. అలా చూస్తేనే పొడవు తెలుస్తుంది."

ఆ మాట అననే కూడదు. రోరీ చూపు అప్పుడు పడింది ఆమె మీద. చేతిలో సుద్ద, ఒళ్లో గుండుసూదుల దిండు, మెళ్లో కొలత టేపు. అతని ముఖంలో కోపం ఒక్క క్షణం ఆగి, వేరే ఏదో అయింది.

"నువ్వా?" అన్నాడు.

ఇయోనా సుద్దముక్కని గుప్పిట్లో మూసింది.

"నాన్నది సన్నటి నడుము. ఈయన నడుము చూడు. అమ్మ పెర్త్‌లో ఎక్కడో దర్జీకి ఇచ్చి విప్పించి ఉంటుందనుకున్నాను. నాన్న కిల్టు కుచ్చిళ్లు నీ చేత్తో నువ్వు విప్పావా?"

"విప్పాను."

"ఎలా మనసొప్పిందే నీకు?"

ఒప్పలేదు. కానీ అమ్మ అడిగిన తీరు అలాంటిది. అడిగి ఊరుకోలేదు, దుకాణంలో కుట్టుబల్ల ముందు కూర్చుని లేవలేదు. "నాకు నువ్వు ఏమీ చెయ్యనక్కర్లేదు, ఇదొక్కటి చెయ్యి," అంది. నెట్టా ఎవరినీ ఏదీ బతిమాలగా ఇయోనా చూడలేదు. ఆ దుకాణం తాతది, అంటే అమ్మ తండ్రిది. తాత పోయాక ఆ సూది, ఆ బల్ల ఇయోనాకి వచ్చాయి. అబర్‌ఫెల్డీ చుట్టుపక్కల చేత్తో కిల్టు కుట్టేది ఇప్పుడు ఆమె ఒక్కతే. అమ్మకి వేరే ఎవరినీ అడిగే దారి లేదు, అడిగే ఉద్దేశమూ లేదు.

"గుడ్డ కత్తిరించలేదు," అంది ఇయోనా. "కిల్టులో గుడ్డ ఎప్పుడూ కత్తిరించం. ఎనిమిది గజాలూ కుచ్చిళ్లలోనే ఉంటుంది. వదులు చేసింది మళ్లీ బిగించొచ్చు."

"అయితే బిగించు."

"శనివారం అయ్యాక..."

"ఇప్పుడే. నా కళ్లముందే."

"ఎవరూ ఏమీ బిగించరు," అంది నెట్టా.

రోరీ వంటింట్లోకి రెండడుగులు వేశాడు. బురద పెచ్చులు నేల మీద రాలాయి. వేలు ఇయోనా వైపు చూపించాడు.

"విను. శనివారం నాన్న బదులు నీ చెయ్యి పట్టుకుని చర్చిలో నడిపించేది నేను. నేనే నడిపిస్తానని చెప్పాను, సెలవు పెట్టుకుని వచ్చాను. కానీ ముందు వరసలో ఈ మనిషి ఈ కిల్టుతో కనిపించాడో, నేను గుమ్మం తొక్కను. నీ చెయ్యి ఎవరు పట్టుకుంటారో చూసుకో."

"డూగల్ దీన్ని కట్టుకోకపోతే నేను రాను," అంది నెట్టా. వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అంది.

ఇయోనాకి ఒళ్లు మండిపోయింది. "పెళ్లి ఎవరిది?" అని గట్టిగా అరిచింది. "నాదా, ఆ గుడ్డదా? నేను చేసుకోబోయే స్ట్రూవన్ వాళ్ల ఇంట్లో అందరూ కూర్చుని నవ్వుతూ పూలు కట్టుకుంటున్నారు. నేను ఇక్కడ మోకాళ్లు కొలుస్తున్నాను. మీరిద్దరూ రాకండి! అన్నయ్యా, అమ్మా, ఎవరూ రాకండి! నేను ఒక్కదాన్నే నడుచుకుని వెళ్తాను!"

పొయ్యి మీద గోధుమ రవ్వ, గొర్రె మాంసం వేసి కాచిన చారు కుతకుతమంటోంది.

"నేను అద్దెకి తెచ్చుకుంటాను నెట్టా," అన్నాడు డూగల్ మెల్లగా. "పెర్త్‌లో దొరుకుతాయి. ఏ గళ్లదైతేనేం. పిల్ల బాధపడుతోంది."

"నువ్వు మాట్లాడకు."

డూగల్ లోపలికి వెళ్లి ప్యాంటు వేసుకుని వచ్చాడు. కిల్టుని రెండు చేతులతో పట్టుకొచ్చి, దుప్పటి మడిచినట్టు అడ్డంగా మడిచి బల్ల మీద పెట్టాడు. రోరీ ముక్కుతో నవ్వాడు.

"కుచ్చిళ్లు ఎటు నడుస్తాయో కూడా తెలీదు. నిలువునా చుట్టాలయ్యా దాన్ని. రాకుమారుడికి కిరీటం ఇచ్చినట్టు ఇచ్చింది మా అమ్మ నీకు."

నెట్టా ఏమీ ఎరగనట్టు నాలుగు గిన్నెల్లో చారు పోసింది. గొడవ ఎంతదైనా వేళకి తిండి పెట్టడం ఆమె పద్ధతి. పెట్టేటప్పుడు ఎవరి ముఖమూ చూడకపోవడం కూడా ఆమె పద్ధతే. నలుగురూ కూర్చున్నారు. బల్ల మధ్యలో కిల్టు. దాని మీద చారు పడకుండా ఇయోనా తన వైపుకి లాక్కుంది. డూగల్ ఒక్కడే రెండు స్పూన్లు తాగాడు. అందరూ తన గొంతు వైపే చూస్తున్నారని తెలిసి స్పూను కింద పెట్టేశాడు.

"చల్లారిపోతోంది," అంది నెట్టా.

"చల్లారనీ," అన్నాడు రోరీ.

ఇయోనా లేచింది. గిన్నెలన్నీ తీసి తొట్టి దగ్గర పెట్టి, బల్ల తుడిచింది. ఇలా కూర్చుంటే శనివారం దాకా ఇలాగే కూర్చుంటారు. అన్నయ్య రాకపోతే ఆ చర్చిలో నడవడం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. గట్టిగా అరవడం వేరు, ఒక్కతే నడవడం వేరు. నాన్న లేని చోట అన్నయ్య భుజమైనా ఉండాలి. అంతకంటే పెద్ద కోరిక ఆమెకి ఈ పెళ్లిలో లేదు. ఎంత గోల చేసినా అమ్మకి ఒక రోజులో కోపం పోతుంది. రోరీకి పోదు.

"సరే," అంది. "బిగిస్తాను."

"ఇయోనా!" అంది నెట్టా.

"ఇంకేం చెయ్యమంటావమ్మా? నువ్వు వస్తావు. ఎంత అలిగినా వస్తావు. అన్నయ్య రాడు."

నెట్టా పెదవులు బిగించింది. అది నిజమని ఆమెకీ తెలుసు.

ఇయోనా కిల్టుని బల్ల మీద బోర్లా పరిచింది. కుచ్చిళ్లు పైకి వచ్చాయి. పచ్చ, నీలం గళ్లు, మధ్యలో సన్నటి ఎర్రగీత. గళ్లని బట్టి వంశం చెప్పొచ్చు. ఇవి మర్రే వంశానివి, అంటే అమ్మ పుట్టింటివి. నాన్న ఇంటిపేరు మన్రో. అయినా బతికినన్నాళ్లూ మామగారి గళ్లే కట్టుకున్నాడు. ఇల్లరికపు అల్లుడని ఊరు ఆడిపోసుకుంటే, "కుట్టి ఇచ్చిన మనిషి గళ్లు కట్టుకోకపోతే ఎలా," అనేవాడు హెక్టర్. ఏటి ఒడ్డున సాల్మన్ చేపలకి కాపలా ఉండే పని ఆయనది. గళ్ల గురించి గొడవపడేంత తీరిక ఆయనకి ఉండేది కాదు.

ఇయోనా చిన్న కత్తెర అందుకుంది. మొదటి కుట్టు మీద మొన ఆనించేలోగా రోరీ వంగి చూశాడు.

"ఆగు. ఇదేంటి, గీత తిన్నగా ఉంది?"

ఇయోనా చేయి ఆగింది.

"నాన్న వెనకాల ఎర్రగీత వంకరగా ఉండేది కదా," అన్నాడు రోరీ. "ఒకచోట రెండు గీతలు పక్కపక్కన పడేవి. ఊళ్లో దొరలందరికీ తిన్నగా కుట్టిన తాత, సొంత అల్లుడికి వంకర కుట్టాడని అందరూ నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు. నువ్వు సరిచేశావా?"

"లేదు."

"మరి?"

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. సరిచేశానంటే పోయేది. కానీ ఇయోనాకి కుట్టు విషయంలో అబద్ధం రాదు, అది ఆమె దురదృష్టం.

"నేను ఏం సరిచెయ్యలేదన్నయ్యా. బిగువు విప్పాను. లోపల ఇంకో వరస చిల్లులు కనిపించాయి. తాత సూది చిల్లులే. ఆ పాత చిల్లుల వెంటే కుట్టుకుంటూ పోయాను. గళ్లు వాటంతటవే కలిశాయి."

"అంటే?"

"అంటే తాత దీన్ని మొదట ఈ కొలతకే కుట్టాడు. తిన్నగానే కుట్టాడు. తర్వాత కుచ్చిళ్లు లోపలికి లాగి సన్నం చేశాడు. లాగినప్పుడు గీత పక్కకి పోయింది."

రోరీ నుదురు ముడిపడింది. "నాన్న ఎప్పుడూ ఇంత లావు లేడు. పెళ్లి ఫొటోలో ఊచలా ఉంటాడు."

"అవును."

"మరి ఈ కొలత ఎవరిది?"

ఇయోనా కళ్లు కత్తెర మీదే ఉంచింది. డూగల్ వైపు చూడకూడదని గట్టిగా అనుకుంది. పోయిన వారం కొలత టేపు డూగల్ నడుము చుట్టూ వేసి, ఆ అంకె చూసి, మళ్లీ వేసి చూసిన సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అడిగితే అమ్మ ఏం చెబుతుందోనని భయపడి అడగలేదు.

కుర్చీ కాళ్లు నేల మీద కీచుమన్నాయి. డూగల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

రోరీ ఆ వీపు వైపు చూశాడు. నడుము వైపు చూశాడు. బల్ల మీది కిల్టు వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు. గొంతులో అరుపు లేదు.

"కూర్చో, చెప్తాను."

"నుంచునే వింటాను."

"నీ ఇష్టం." నెట్టా చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మా నాన్న అది డూగల్ కోసం కుట్టాడు. నా పెళ్లికి. జరగని పెళ్లికి. గుడ్డ నేయించి, రాత్రనక పగలనక కుట్టి, చర్చిలో నిలబడే పెళ్లికొడుక్కి తన గళ్లే కట్టాలని ముచ్చటపడ్డాడు. పెళ్లి ఇంకో వారం ఉందనగా ఈయన న్యూజిలాండ్ వెళ్లిపోయాడు."

"గొర్రెల బొచ్చు కత్తిరించే పని దొరికింది," అన్నాడు డూగల్ కిటికీతో. "అప్పట్లో చాలామంది వెళ్లేవాళ్లం..."

"నిన్ను ఎక్కడికి వెళ్లావని అడగలేదు," అన్నాడు రోరీ. "పారిపోయావా, లేదా?"

డూగల్ కిటికీ చట్రం పట్టుకున్నాడు. "పారిపోయాను."

"కోపగించుకోవడానికి నాకు హక్కుంది, నీకు లేదు," అంది నెట్టా కొడుకుతో. "నేను కోపగించుకున్నాను, అయిపోయింది. ఏడాది తిరగకుండా హెక్టర్ వచ్చి నన్ను అడిగాడు. మా నాన్న ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పెట్టెలో పారేసే మనిషి కాదు. నడుము దగ్గర లాగి, కొత్తది కుట్టానని మీ నాన్నకిచ్చాడు. ఇప్పుడు తెలిసిందా? మీ నాన్న కిల్టు నేను డూగల్‌కి ఇవ్వలేదు. డూగల్ కిల్టే మీ నాన్నకి ఇచ్చాను."

ఇంతసేపూ ఆ గుడ్డ కోసం ఇంటి కప్పు లేచిపోయేలా అరిచిన రోరీ, దానికి దూరంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలి? చెప్పి ఆయన్ని ఏడిపించనా? ఏమీ తెలియకుండానే పోయాడు. నాకు మిగిలిన నిమ్మళం అదొక్కటే."

"నిమ్మళమా!" రోరీ నవ్వాడు. వినడానికి అసహ్యంగా ఉంది ఆ నవ్వు. "వదిలేసి పోయినవాడి గుడ్డ మొగుడికి కట్టబెట్టి, పక్కన నుంచుని ఫొటోలు దిగావు. ఊరంతా వంకర గీత చూసి నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. వీడు తిరిగొచ్చేదాకా నాన్న నీకు ఒక కొయ్యబొమ్మా? బట్ట నలగకుండా తగిలించి పెట్టుకోవడానికి?"

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోను. నాన్న ఒక్కసారి అయినా నీకు అడ్డు చెప్పాడా? ఒక్క మాట అన్నాడా?"

"అనలేదు!" నెట్టా గొంతు మొదటిసారి పెరిగింది. "అనడు! అనడానికి ఆయనకి ఏం పట్టింది గనక? చేపలు, ఏరు, గాలపు ముళ్లు, అంతే ఆయన లోకం. గీత వంకరైనా పట్టించుకోలేదు. పెళ్లైన కొత్తలో నేను నవ్వడం మానేసినా పట్టించుకోలేదు. మంచివాడే, కాదనను. కానీ మొద్దు మనిషి. పక్కనున్న మనిషి మనసులో ఏముందో ఆయనకి జన్మలో తెలిసేది కాదు!"

మొద్దు మనిషి. ఆ మాట ఇయోనా గుండెలో కసుక్కున దిగింది. చలికాలం ఏట్లో మోకాళ్ల దాకా నిలబడి, తనకి ఈత నేర్పిన మనిషి. తనకి జ్వరమొస్తే కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ, చేపలు పురుగనుకుని మింగేలా గాలపు ముళ్లకి ఈకలు కట్టిన మనిషి. నోరు తెరవడు గాని ఇంట్లో ఎవరి అడుగు ఎప్పుడు తడబడ్డా తల ఎత్తి చూసేవాడు.

అసలు అప్పటిదాకా ఆమెకి కూడా కిల్టు లోపల తను చూసిన ఇంకో రకం కుట్ల సంగతి అర్థం కాలేదు. అమ్మ ఆ మాట అన్నాక ఒక్కసారిగా అర్థమైంది. అర్థమైన మరుక్షణం నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయింది.

గోడవార పెట్టిన కుట్టుసంచి తెచ్చి, అందులోంచి చెమటకి పసుపుబారిన నూలుగుడ్డ పట్టీ ఒకటి తీసి కిల్టు పక్కన పరిచింది.

"ఇదేంటి?" అంది నెట్టా.

"కిల్టు నడుము లోపల ఉండే పాత లైనింగ్. కొత్తది వెయ్యడానికి ఊడదీశాను. ఇలా చూడమ్మా. ఇవి తాత కుట్లు. చీమ తలకాయంత ఉంటాయి. ఇక్కడిదాకా అలాగే ఉన్నాయి. ఇక్కడ చూడు."

జానెడు మేర కుట్లు పెద్దవిగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. దారం కూడా వేరు. మైనం పట్టిన గోధుమరంగు దారం.

రోరీ వంగి, వేలితో తడిమాడు. "ఇది నాన్న గాలపు ముళ్లకి ఈకలు కట్టే దారం."

"ఆ."

"అయితే ఏంటి?" అంది నెట్టా. "చిరిగి ఉంటుంది. కుట్టుకుని ఉంటాడు."

"చిరగలేదమ్మా. గుడ్డ ఎక్కడా చిరగలేదు, మాసికా లేదు. తాత కుట్టు బ్లేడుతో కోసి ఉంది. పైగా చిరిగితే తాత దుకాణం మూడు గుమ్మాల అవతల. కోటు గుండీ ఊడినా అక్కడికే పట్టుకెళ్లేవాడు నాన్న. ఇదొక్కటే ఎవరికీ చూపించకుండా తనే విప్పి, తనే కుట్టుకున్నాడు." ఇయోనా కిల్టు నడుము వైపు వేలు చూపించింది. "దీని వెనకాలే ఉన్నాయి ఆ పాత చిల్లులు. చూడ్డానికే విప్పాడు. చూశాడు. మళ్లీ మూసేశాడు."

ఇయోనా ఆ పట్టీని తల్లి ముందుకి జరిపింది.

"నాన్నకి తెలుసమ్మా."

నెట్టా ఆ పట్టీని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కాలుతుందేమో అన్నట్టు రెండు చేతులూ బల్ల కిందకి లాక్కుంది.

"ఎప్పుడు?" అంది.

"తెలీదు. దారం బాగా పాతది. చెమటకి నల్లబడి ఉంది. మేం పుట్టకముందేనేమో."

"తెలిసి కూడా..." అని రోరీ మొదలుపెట్టి, ఆపేశాడు.

"ప్రతిసారీ," అంది నెట్టా. ఎవరితో అంటోందో తెలియలేదు. "కట్టుకున్న ప్రతిసారీ పిలిచేవాడు. నెట్టా, ఈ నడుము బెల్టు బిగించవా, చెయ్యి అందడం లేదు, అనేవాడు. చేతికందే చోటే కదా బకిల్ ఉండేది. సోమరితనం అనుకుని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే బిగించేదాన్ని. ప్రతిసారీ నా చేతే కట్టించుకున్నాడు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఇయోనాకి అనిపించింది. నాన్నని ఒక్క మాట అన్నందుకు అమ్మని ఇంత కొట్టాలా? నిజం చెప్పాను కదా అని సర్దిచెప్పుకుందామంటే మనసొప్పలేదు. నిజం కోసం చెప్పలేదు, నొప్పి పుట్టాలనే చెప్పింది.

డూగల్ కిటికీ దగ్గర్నుంచి వచ్చి, నెట్టా భుజం మీద చేయి వేశాడు. "నెట్టా, పోనీ ఇంక ఆ కిల్టు..."

నెట్టా భుజం పక్కకి తప్పించుకుంది. విసురుగా కాదు. బస్సులో తెలియని మనిషి చేయి తగిలితే తప్పుకున్నట్టు తప్పుకుంది.

"డూగల్, నువ్వు మీ అక్క ఇంటికి వెళ్లు."

"ఇప్పుడా? ఎల్లుండి పిల్ల పెళ్లి."

"వెళ్లు."

ఈ మాట అమ్మ నోట వినాలని రోరీ పోయిన చలికాలం నుంచి ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు విని, చెల్లెలి ముఖంలోకి చూశాడు. అతని కళ్లలో గెలిచిన జాడ ఏమీ లేదు. గుమ్మానికి అడ్డంగా ఉన్నవాడల్లా పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

డూగల్ కొక్కేనికున్న కోటు తీసుకున్నాడు. ఒక చేయి తొడుక్కుని, రెండోది తొడుక్కోవడం మరిచిపోయి, గుమ్మంలో ఆగాడు.

"ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగాడు.

నెట్టా అతని వైపు చూడలేదు. బల్ల కిందనుంచి ఒక చేయి మెల్లగా పైకి తెచ్చి, హెక్టర్ కుట్టిన ఆ జానెడు మేర వేలితో ఒక్కొక్క కుట్టే తడుముతూ కూర్చుంది.